ఎంజీబీలో 80 దగ్గర వచ్చే వణుకు: హౌసింగ్ విప్పే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడండి

మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. అందుకే వాటిని ముందు ఒకచోట పెడతాను. బండి 1970 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్ (గుడ్డ పైకప్పున్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), వైర్ వీల్స్ (తీగ కమ్మీల చక్రాలు). క్లచ్ మార్చడానికి శ్రీకాకుళంలో ఇంజను, గేర్‌బాక్సు కలిపి దింపి మళ్లీ ఎక్కించారు. అప్పటి నుంచి హైవే మీద గంటకు 75 కి.మీ. దాటగానే సీటు కింద, కాళ్ల కింద సన్నటి వణుకు మొదలవుతోంది. 80–85 మధ్య బాగా ఎక్కువై, 95 దాటాక కొంత తగ్గుతోంది. స్టీరింగ్ ఊగడం లేదు. క్లచ్ తొక్కినా వణుకు ఆగడం లేదు. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించారు, ఇంజన్ మౌంటింగులు కొత్తవి వేయించారు, తేడా రాలేదు. ఇప్పుడు మేస్త్రి "క్రౌన్ పినియన్ పోయింది, హౌసింగ్ విప్పుదాం" అంటున్నారు. క్రౌన్ పినియన్ అంటే వెనక యాక్సిల్ మధ్యలో ఉండే పళ్ల చక్రాల జత, హౌసింగ్ అంటే వాటి డబ్బా.

ఇప్పుడే విప్పించకండి. క్రౌన్ పినియన్ అరిగితే ముందు శబ్దం వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక రకంగా, వదిలితే ఇంకో రకంగా మూలుగుతుంది. మీరు ఎక్కడా శబ్దం మాట ఎత్తలేదు. పైగా ఆ హౌసింగ్‌ను ఎవరూ ముట్టుకోలేదు, క్లచ్ పనికి ముందు బండి బాగానే నడిచింది. ముట్టుకున్నది ఇంజనూ గేర్‌బాక్సూ. వాటిని దింపాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు తిప్పే బలాన్ని చేర్చే గొట్టం) విప్పక తప్పదు. నా అనుమానం అంతా అక్కడే ఉంది. కానీ అనుమానంతో సామాన్లు కొనడం నాకు ఇష్టం ఉండదు. వణుకు ఏ వేగంతో వస్తోందో కొలిస్తే, బండిలో ఆ వేగంతో తిరిగే వస్తువు ఏదో తెలిసిపోతుంది. పాత బండి విషయంలో ఈ లెక్క వేయకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

లెక్క కష్టమేమీ కాదు. 165 సైజు 14 అంగుళాల టైరు ఈ బండి మీద ఒక్క చుట్టుకు దాదాపు 1.88 మీటర్లు నడుస్తుంది. 80 కి.మీ. వేగమంటే నిమిషానికి 1,333 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి సుమారు 710 చుట్లు, సెకనుకు 12 చుట్లు తిరుగుతుంది. ఎంజీబీ వెనక యాక్సిల్ నిష్పత్తి 3.909, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ 3.909 చుట్లు తిరుగుతుంది. కాబట్టి అదే వేగంలో షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,775 చుట్లు, సెకనుకు 46 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 12 అంటే మనిషి ఊగడం కంటికి కనిపించే కుదుపు. 46 అంటే పిండిమర నడుస్తుంటే పక్కన నేల మీద నిలబడినట్టు అరికాళ్లకు తెలిసే సన్నటి జలదరింపు, అద్దంలో వెనక బండి మసకబారడం. మీరు రాసింది రెండో రకం. చక్రాల బ్యాలెన్సింగ్‌తో తేడా రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

చేతి అంచనాతో ఆగక్కర్లేదు, ఫోను ఉంది కదా. ఫైఫాక్స్ లాంటి ఉచిత యాప్‌లో కదలిక స్పెక్ట్రమ్ (సెకనుకు ఎన్నిసార్ల వణుకు ఎంత బలంగా ఉందో చూపే గీత) చూపించే పరీక్ష ఉంటుంది. ఫోనును రెండు సీట్ల మధ్య టన్నెల్ మీద టేపుతో గట్టిగా అంటించి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి చూడమనండి. నడిపేవాళ్లు ఫోను చూడకూడదు. 80 దగ్గర గీత 12 హెర్ట్జ్ (సెకనుకు 12 సార్లు) మీద లేస్తే చక్రం, టైరు, బ్రేక్ డ్రమ్ము. 46 మీద లేస్తే షాఫ్ట్ బరువు సమంగా లేదు, లేదా ఫ్లాంజ్ (షాఫ్ట్ చివర బోల్టులు బిగించే పళ్లెం) కేంద్రం తప్పింది, లేదా గొట్టం వంగింది. 92 మీద లేస్తే అది క్రాస్‌ల (షాఫ్ట్ రెండు చివర్లలో వంగే కీళ్ల) పని, అంటే కోణమో, అమరికో తప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని ఫోన్లలో కదలికను సెకనుకు 100 సార్లే నమోదు చేస్తారు. అలాంటి ఫోను 50 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చూడలేదు సరే, 92ను తీసుకెళ్లి 8 దగ్గర తప్పుడు గీతగా చూపించవచ్చు. సెకనుకు ఎన్నిసార్లు నమోదు అవుతోందో యాప్‌లో చూసుకోండి. 200 కన్నా తక్కువైతే 92 కోసం మైక్రోఫోను స్పెక్ట్రమ్ వాడండి. హుడ్ (గుడ్డ పైకప్పు) మూసి ఉంటే ఆ గుంయ్‌మనే శబ్దం బాగానే పడుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ బండిలో నాలుగో గేరు నేరు గేరు. టాప్‌లో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ కూడా అన్నే తిరుగుతుంది. అందుకే టాప్ గేరులో మాత్రమే నడిపి చూస్తే ఇంజను వణుకు ఏదో, షాఫ్ట్ వణుకు ఏదో ఫోనుకు కూడా తెలియదు. అదే 80 వేగంలో మూడో గేరు వేయండి. ఇంజను 3,800 దగ్గరికి వెళ్తుంది, షాఫ్ట్ మాత్రం 2,775 దగ్గరే ఉంటుంది. వణుకు 80 దగ్గరే ఉండిపోతే ఇంజను నిర్దోషి. ఓవర్‌డ్రైవ్ ఉన్న బండైతే ఇంకా సులువు. స్విచ్ వేయగానే ఇంజను సుమారు 2,300కు దిగుతుంది, షాఫ్ట్ వేగం మారదు. క్లచ్ తొక్కినా ఆగలేదని మీరు రాశారు కాబట్టి ఫలితం ఎటు వస్తుందో నాకు దాదాపు తెలుసు, అయినా చేయండి. క్లచ్ తొక్కినప్పుడు ఇంజను విడిపోవడంతో పాటు లాగే బరువు కూడా పోతుంది. ఒకేసారి రెండు మారే పరీక్ష కన్నా ఒక్కటే మారే పరీక్ష నమ్మదగ్గది.

ఇవన్నీ ఎచ్చెర్ల దాటాక రణస్థలం వైపు తిన్నగా ఉండే రోడ్డు మీద, తెల్లవారి లారీల రద్దీ లేనప్పుడు చేయండి. కొత్తగా తారు వేసిన ముక్క ఎంచుకోండి. గరుకు సిమెంటు రోడ్డు మీద టైరు శబ్దం కలిసిపోయి స్పెక్ట్రమ్ చదవడం కష్టమవుతుంది.

ఇప్పుడు షాఫ్ట్ సంగతి. ఎంజీబీ షాఫ్ట్‌కు ముందొక క్రాస్, వెనకొక క్రాస్, ముందు వైపు జారే స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల జాయింటు) ఉంటాయి. కమాను కట్టల మీద యాక్సిల్ పైకీ కిందకీ ఆడుతుంటే షాఫ్ట్ పొడవు మారాలి. ఆ సర్దుబాటు కోసమే స్ప్లైన్. క్రాస్ ఉన్న జాయింటుకు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. కోణంలో తిరిగేటప్పుడు అది వేగాన్ని ఒకే తీరుగా అందించలేదు. ఒక్క చుట్టులో రెండుసార్లు కొంచెం ముందుకు, రెండుసార్లు కొంచెం వెనక్కు పోతుంది. 3 డిగ్రీల కోణంలో ఆ తేడా 0.14 శాతం మాత్రమే. కోణం రెట్టింపు చేసి 6 డిగ్రీలు చేస్తే తేడా నాలుగింతలవుతుంది, 0.55 శాతం. ముందు క్రాస్ చేసే ఈ తప్పును వెనక క్రాస్ సరిగ్గా అంతే ఎదురు తప్పు చేసి సరిదిద్దుతుంది. అలా జరగాలంటే రెండు షరతులు. షాఫ్ట్ రెండు చివర్లలోని యోక్‌ల (క్రాస్‌ను పట్టుకునే ముక్కల) చెవులు ఒకే వరసలో ఉండాలి. గేర్‌బాక్సు తోక, పినియన్ ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

మొదటి షరతు గ్యారేజీలో చాలా సులువుగా తప్పిపోతుంది. షాఫ్ట్ విప్పి పక్కన పెట్టినప్పుడు స్ప్లైన్ ఊడిపోతే, శుభ్రం చేసి గ్రీజు పూసి మళ్లీ తోసేస్తారు. ఏ పన్ను దగ్గర పెట్టినా దూరుతుంది. కానీ దూరిన ప్రతిచోటూ సరైనది కాదు. ఒకట్రెండు పళ్లు తప్పినా రెండు క్రాస్‌ల తప్పులూ పూర్తిగా చెల్లవు. 90 డిగ్రీలు తప్పితే రెండూ కూడతాయి. ఫోనులో 92 దగ్గర గీత వస్తే ముందు చూడాల్సింది ఇదే. బండి కిందకు దూరి షాఫ్ట్ వెంట తిన్నగా చూడండి. రెండు చివర్ల చెవులు ఒకే వరసలో కనిపించాలి. స్ప్లైన్ గొట్టం మీదా షాఫ్ట్ మీదా బాణం గుర్తులు కొట్టి ఉంటాయి, మట్టీ గ్రీజూ తుడిస్తే బయటపడతాయి. అవి ఎదురెదురుగా లేకపోతే మీ జబ్బు దొరికినట్టే, మందుకు పైసా ఖర్చు లేదు.

రెండో షరతు కోణం. ఎంజీబీ గేర్‌బాక్సు వెనక భాగం ఒక అడ్డ మెంబర్ మీద, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఇంజను ఎక్కించేటప్పుడు అందరినీ ఇబ్బంది పెట్టేది అదే. ఒక పక్క బిగించి రెండో పక్క బలవంతంగా లాగితే గేర్‌బాక్సు తోక ఎత్తో, పక్కకో నిలిచిపోతుంది. మీరు ముందు ఇంజన్ మౌంటింగులు మార్చారు, ఈ వెనక రబ్బర్ల సంగతి రాయలేదు. బోల్టులన్నీ వదులు చేసి, ఇంజను స్టార్ట్ చేసి ఒక నిమిషం ఐడిల్‌లో నడపనిచ్చి, ఆపి, తర్వాత బిగించండి. రబ్బరు తనకు కావలసిన చోట కూర్చుంటుంది. ఆపైన ఫోను ఇంక్లినోమీటరును (కోణం కొలిచే యాప్) గేర్‌బాక్సు ఫ్లాంజ్ ముఖానికీ, పినియన్ ఫ్లాంజ్ ముఖానికీ ఆనించి కోణాలు రాసుకోండి. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు. సీట్లో మనిషి బరువు కూడా ఉంటే మంచిది. రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ లోపల ఉండాలి. ఒక్కో క్రాస్ దగ్గర కోణం 3 డిగ్రీలు దాటకపోతే నిశ్చింత. పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు. సూది బేరింగులు కదలక ఒకేచోట గుంట పడతాయి.

ఇక్కడ మన ప్రాంతంలో తరచుగా చేసే పని ఒకటి ప్రస్తావించాలి. గతుకుల రోడ్లకు కింద తగలకుండా పాత బండ్ల కమాన్లు కాల్చి వంపు పెంచడమో, అదనంగా ఒక పట్టీ వేయడమో చేస్తారు. అంబాసిడర్‌కు అది చెల్లిపోయింది. ఎంజీబీ లాంటి ఎత్తు తక్కువ బండిలో వెనక భాగం లేచిపోతే షాఫ్ట్ కోణాలు మారతాయి, రెండు కట్టలూ సమానంగా లేకపోతే యాక్సిల్ కూడా మెలిపడుతుంది. మీ బండికి గతంలో ఎవరైనా అలా చేసి ఉంటే ఆ సంగతి ముందే తెలుసుకోండి.

46 హెర్ట్జ్ వస్తే దారి వేరు. అప్పుడు అమరిక కాదు, బరువు చూడాలి. అన్నిటికన్నా ముందు నేను చేయించే పరీక్ష ఇది: వెనక ఫ్లాంజ్ నాలుగు బోల్టులూ విప్పి, షాఫ్ట్‌ను పినియన్ ఫ్లాంజ్ మీద 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించడం. విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల మీద పెయింటుతో ఒక గీత గీసుకోండి. ఇంజను దింపినప్పుడు ఆ గీత గీయకపోవడమే చాలాచోట్ల ఈ గొడవకు మూలం. ఏళ్ల తరబడి ఆ షాఫ్ట్, ఆ ఫ్లాంజ్ ఒక జతగా తిరిగాయి. ఒకదాని లోపం ఇంకొకదానితో చెల్లిపోతూ ఉండవచ్చు. తిప్పాక వణుకు తగ్గినా, పెరిగినా, అది షాఫ్ట్ బరువు సమస్యే అని తేలిపోతుంది. ఏమాత్రం మారకపోతే మళ్లీ మొదటి స్థానానికి తెచ్చి, ముందు ఫ్లాంజ్ దగ్గర కూడా ఇలాగే చూడండి.

విప్పినప్పుడు ఫ్లాంజ్ ముఖాలు తుడవండి. మధ్యలో ఒక్క పెయింటు పొర, ఒక ఇసుక రేణువు చిక్కినా షాఫ్ట్ వంకరగా కూర్చుంటుంది. బోల్టులు కూడా చూడండి. ఇవి ఇంచు కొలతల యూఎన్ఎఫ్ మరలు. చేతికి దొరికిన మెట్రిక్ బోల్టు వేసి సరిపెట్టారేమో చూసి, తేడా ఉంటే సరైనవి తెప్పించండి. నైలాక్ (లోపల నైలాన్ వలయం ఉన్న) నట్లు ఒకసారి విప్పినవి మళ్లీ వాడకండి. మీ మేస్త్రి అంబాసిడర్ పని మీద పెరిగినవారైతే ఇంచు స్పానర్లు ఎలాగూ ఉంటాయి. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ, పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ బి సిరీస్ కుటుంబం కాబట్టి ఆ అనుభవం మీకు కొండంత అండ.

షాఫ్ట్ చేతిలోకి వచ్చాక క్రాస్‌లను నాలుగు వైపులా తిప్పి చూడండి. ప్లే (వదులు) ఉంటే అందరూ పట్టుకుంటారు. బిగుసుకుపోయిన క్రాస్‌ను మాత్రం "గట్టిగా ఉంది, బాగుంది" అని వదిలేస్తారు. అది కూడా అంతే వణికిస్తుంది. తన బరువుతో నెమ్మదిగా వాలాలి, మధ్యలో ఎక్కడా పట్టినట్టు ఆగకూడదు. కప్పుల అంచుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండి సూదులు అరుగుతున్నాయని అర్థం. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే షెడ్లలో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండ్లలో ఇది మామూలే. కొత్త క్రాస్ కొనేటప్పుడు కప్పు వ్యాసం, సర్‌క్లిప్‌ల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి కొనండి. సాలూరులో లారీ పనిచేసే మేస్త్రీలు క్రాస్ మార్చడంలో చేయి తిరిగినవాళ్లు. కానీ లారీ షాఫ్ట్ మీద వేసే సుత్తి దెబ్బ దీని మీద పడకూడదు. వైస్‌లో పెట్టి నొక్కించండి. ఒక్క సూది అడ్డం పడినా కప్పు లోపలికి పూర్తిగా దిగదు, షాఫ్ట్ కేంద్రం తప్పుతుంది.

గొట్టం మీద చిన్న దీర్ఘచతురస్రపు ఆకారంలో వెల్డింగు మచ్చలు ఉండి దానిమీద ముక్క లేకపోతే, బ్యాలెన్స్ బరువు ఊడిపోయింది. గొట్టానికి ఎండి అంటుకున్న మట్టి, అండర్‌కోటింగు తారు గీకేయండి. దాని బరువు కూడా లెక్కలోకి వస్తుంది. డయల్ గేజ్ దొరికితే గొట్టం మధ్యలో ఊగిసలాట కొలవండి. అర మిల్లీమీటరు దాటితే వంగిందని అనుమానించాలి. ఇంజను దించేటప్పుడు ఎవరైనా షాఫ్ట్ కింద జాకీ పెట్టారా అని అడగండి. ఆ పని చేస్తే గొట్టం సొట్టపడుతుంది.

వణుకు 95 దాటాక ఎందుకు తగ్గుతుందన్నది మంచి ప్రశ్న. సమంగా లేని బరువు లాగే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. అయినా మీకు తగ్గుతోందంటే, 80–85 దగ్గర ఆ తాళానికి ఇంకేదో వస్తువు కలిసి ఊగుతోంది. గేర్‌బాక్సు తోక కావచ్చు, టన్నెల్‌కు తగులుతున్న సైలెన్సర్ పైపు కావచ్చు. వెనక మౌంటింగులు, పైపు క్లాంపులు, టన్నెల్‌లో రుద్దుకున్న మెరుపు గీతలు చూడండి. తగులుతున్నదాన్ని తప్పిస్తే మీకు హాయిగా ఉంటుంది, కానీ వణుకు పుట్టిన చోటును వదిలేస్తే క్రాస్‌లూ, పినియన్ బేరింగూ దాని ఫలితం అనుభవిస్తాయి.

ఫోనులో 12 వస్తేనే చక్రాల దగ్గరకు వెళ్లండి. వైర్ వీల్ మధ్య రంధ్రంలో స్ప్లైన్లు ఉంటాయి, అది హబ్ మీద రెండు వాలు ముఖాల మధ్య కూర్చుంటుంది. దానికి తగిన కోన్లు లేని మిషన్ మీద చేసిన బ్యాలెన్సింగు కాగితం మీద సున్నా చూపిస్తుంది, బండి మీద కాదు. అక్కడ దానికి తగిన కోన్లు వాడారా అని అడగండి. ముందూ వెనకా చక్రాలు మార్చి నడిపితే కుదుపు స్టీరింగులోకి వస్తుందో లేదో తెలుస్తుంది.

రోడ్డు మీద పరీక్షలతో తేలకపోతే బండిని నిలబెట్టి చూడాలి. స్టాండులు యాక్సిల్ గొట్టాల కిందే పెట్టాలి. బాడీ కింద పెడితే యాక్సిల్ వేలాడి, కోణాలు మారి, లేని వణుకు కొత్తగా పుడుతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టండి. వెనక చక్రాలు తీసేసి, డ్రమ్ముల బిగింపు సరిచూసి, టాప్‌లో 80 చూపేదాకా తీసుకెళ్లండి. బండి కింద, వెనక, పక్కన ఎవరూ ఉండకూడదు. ఇది మాటవరసకు చెప్పడం లేదు, తిరిగే షాఫ్ట్ ఊడితే ప్రాణం తీస్తుంది. చక్రాలు లేకున్నా వణికితే షాఫ్టో, దాని వెనకో ముందో. షాఫ్ట్ కూడా తీసేసి అదే వేగంలో నడిపినప్పుడు వణికితే గేర్‌బాక్సు వైపు, లేకపోతే షాఫ్ట్, పినియన్ వైపు. పినియన్ ఫ్లాంజ్‌ను చేత్తో పైకీ కిందకీ ఊపి ప్లే ఉందేమో అప్పుడే చూడండి. ప్లే ఉంటే హౌసింగ్ పని ఉందని ఒప్పుకోవాలి. అంతేగానీ "కొంచెం బిగిద్దాం" అని పినియన్ నట్ తిప్పనివ్వకండి. బేరింగుల ప్రీలోడు (ముందుగా పెట్టే బిగువు) ఆ నట్‌తో ముడిపడి ఉంటుంది, అతిగా బిగిస్తే బాగున్న బేరింగులు కూడా పోతాయి.

చివరికి షాఫ్ట్ బ్యాలెన్సింగే చేయించాలని తేలితే, విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు విచారించండి. ముందు రెండు విషయాలు అడగండి. లారీ షాఫ్ట్‌లకు పెట్టిన మిషన్ ఇంత చిన్న, తేలిక షాఫ్ట్‌లో కొద్ది గ్రాముల తేడాను పట్టగలదా? ఎంత వేగంలో తిప్పి చూస్తారు? మీకు వణుకు వచ్చేది 2,800 దగ్గర, కాబట్టి కనీసం 3,000 దాకా తిప్పాలి. క్రాస్‌లు కొత్తవి వేశాకే ఇవ్వండి. బాణం గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయని మీరే చూసుకుని, స్ప్లైన్ ఊడకుండా టేపు చుట్టి పంపండి.

వెంటనే విశాఖ వెళ్లే వీలు లేకపోతే హోస్ క్లిప్‌తో ప్రయత్నించవచ్చు. షాఫ్ట్ వెనక చివర చుట్టూ నాలుగు స్థానాలకు సుద్దతో 1 నుంచి 4 దాకా అంకెలు రాయండి. మర ఉన్న రెండు హోస్ క్లిప్‌లు గట్టిగా బిగించండి. రెండు మరలనూ 1 దగ్గర పెట్టి నడపండి, తర్వాత 2, 3, 4. ఏ స్థానంలో వణుకు తక్కువగా ఉందో అక్కడ ఉంచి, రెండు మరలనూ ఒకదానికొకటి కొద్దికొద్దిగా దూరం జరుపుతూ ఇంకా తగ్గే చోటు పట్టుకోండి. ప్రతిసారీ అదే రోడ్డు, అదే వేగం, ఫోను అదే చోట ఉండాలి. లేకపోతే అంకెలు పోల్చడానికి పనికిరావు. మొదట 80 దగ్గర మూడో గేరులో, నాలుగో గేరులో గీతలు ఎక్కడ లేచాయో, బాణం గుర్తులు ఎలా ఉన్నాయో రాయండి. అవి చూస్తే తర్వాత ఏ బోల్టు విప్పాలో చెప్పగలను.